ప్రతిభకు మించిన పెద్దరికం: కల్నల్ సి.కె. నాయుడు జీవితం

ఏ పాఠశాల క్రీడాస్థలంలోనైనా ఏటా ఒకసారి తప్పక తలెత్తే ప్రశ్న ఒకటి ఉన్నది. జట్టుకు నాయకునిగా ఎవరిని నియమించాలి? అందరికంటె బాగా ఆడే విద్యార్థినా, అందరి చేతను బాగా ఆడించగల విద్యార్థినా? చాలా సందర్భాలలో ప్రశ్న అడుగకుండానే సమాధానం తేలిపోతుంది. నిరుడు ఎక్కువ పరుగులు తీసినవాడో, ఎక్కువ గోల్స్ చేసినవాడో ఈ ఏడు నాయకుడవుతాడు. తల్లిదండ్రులు సంతోషిస్తారు. ఉపాధ్యాయులు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఉండదు. అయితే ఆట ఎదురు తిరిగినప్పుడు, సహచరులు ఒకరినొకరు నిందించుకొనే వేళ, ఆ ఎంపిక ఎంత తొందరపాటుతో జరిగినదో బయటపడుతుంది.

ఈ ప్రశ్నకు పుస్తకాలలోని సూక్తులకంటె ఒక మనిషి జీవితం స్పష్టమైన సమాధానం చెబుతుంది. ఆ మనిషి తెలుగునేలకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, భారతదేశపు మొట్టమొదటి టెస్టు క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన కల్నల్ కొఠారి కనకయ్య నాయుడు గారు. సి.కె. అన్న రెండక్షరాలతోనే దేశమంతా ఆయనను ఎరుగును. ఆయన బ్యాటు నుంచి వెలువడిన సిక్సర్లను గురించి పెద్దలు కథలుగా చెప్పుకొన్నారు. కాని మన పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా మనం స్మరించుకోదగినది ఆ సిక్సర్లను మాత్రమే కాదు. ఆ ప్రతిభ వెనుక నిలిచిన శీలాన్ని, ఆ శీలం సాధించిన ఫలితాన్ని, దానికై ఆయన చెల్లించిన మూల్యాన్ని కూడ.

బాల్యం, తొలి అడుగులు

నాయుడు గారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించారు. పితామహులు నారాయణస్వామి నాయుడు గారు ఆ నగరంలో పేరు పొందిన న్యాయవాది, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు గారు కూడ న్యాయశాస్త్రం అభ్యసించినవారే. చుట్టూ మరాఠీ, హిందీ వినిపించే ఊరిలో తెలుగు కుటుంబం తన భాషను, తన మర్యాదను కాపాడుకొంటూ, ఆ ఊరి జీవనంలో పూర్తిగా భాగస్వామి కావడం మనలో అనేకులకు స్వానుభవమే. నాయుడు గారి ఇల్లు అటువంటిది.

నాగపూరులోనే ఆయన చదువుకొన్నారు, అక్కడి మైదానాలలోనే ఆట నేర్చుకొన్నారు. ఆరడుగులకు పైబడిన నిటారైన విగ్రహం, పొడవైన చేతులు, చురుకైన చూపు ఆయనకు పుట్టుకతో వచ్చిన సంపద. దానికి ఆయన స్వయంగా చేర్చుకొన్నది కఠోర సాధన. 1916లో బొంబాయిలో హిందువుల జట్టుకు, యూరోపియన్ల జట్టుకు జరిగిన పోటీలో ఆయన తొలిసారిగా ప్రథమ శ్రేణి క్రికెట్ ఆడారు. మొదటి కొద్ది బంతులను గౌరవంగా అడ్డుకొని, ఆ తరువాత సిక్సర్‌తోనే తన పరుగుల ఖాతా తెరచారని ప్రతీతి. అప్పటికి ఆయన నవయువకుడు.

1923లో ఇందూరు ప్రభువు హోల్కరు మహారాజు ఆయనను తన సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కెప్టెన్ పదవి ఇచ్చారు. తరువాతి కాలంలో ఆయన పేరుకు ముందు నిలిచిన కల్నల్ అన్న బిరుదానికి మూలం ఆ కొలువే. నాగపూరు ఆయన జన్మస్థలం కాగా, ఇందూరు కర్మస్థలమైనది.

ఆయన పేరును దేశమంతటా మారుమ్రోగించిన సంఘటన 1926 డిసెంబరులో జరిగినది. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టు తరపున బరిలోకి దిగిన నాయుడు గారు రెండు గంటలైనా గడవకముందే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు ఉన్నవి. మైదానం చుట్టూ జనం చెట్లెక్కి, మిద్దెలెక్కి చూశారట. ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటును బహూకరించారు. పాలకుల ఆటలో పాలితులు వారితో సరితూగగలరని ఆనాటి జనం కన్నులారా చూచినది ఆ రోజునే. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది. 1932లో భారత జట్టు అధికారిక టెస్టు ఆడేందుకు ఇంగ్లండుకు ప్రయాణమైనది.

ఇంతవరకు చెప్పినది ప్రతిభ కథ. నాయకత్వపు కథ ఇక్కడినుంచి ప్రారంభమవుతుంది.

తప్పుకొని నిలిచిన నాయకుడు

ఆనాటి భారత జట్టుకు నాయకుడు సంస్థానాధీశుడే కావాలన్నది ఒక అలిఖిత నియమం. హిందువులు, ముస్లింలు, పారసీలు, సిక్కులు కలిసిన జట్టును రాజవంశీయుడు తప్ప మరెవరూ ఒక్క త్రాటిపై నడుపలేరని పెద్దల విశ్వాసం. క్రికెట్‌కు ధనసహాయం చేసేవారూ ఆ సంస్థానాధీశులే. ఆ విధంగా 1932 పర్యటనకు పోర్‌బందర్ మహారాణా నాయకుడుగా, లింబ్డీ రాజవంశానికి చెందిన ఘనశ్యామ్‌సింహ్‌జీ ఉపనాయకుడుగా నియమితులయ్యారు.

పోర్‌బందర్ మహారాణా ఆటలో చెప్పుకోదగిన నేర్పు లేనివారు. పర్యటన తొలి పోటీలలోనే ఆ సంగతి తేటతెల్లమైనది. ఆయన సాధించిన పరుగులను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. అయితే ఆయనలో ఒక అరుదైన గుణం ఉన్నది. తన శక్తి ఎంతో తనకు తెలుసు. తెలిసిన దానిని ఒప్పుకొనే ధైర్యమూ ఉన్నది. టెస్టు పోటీలో తాను ఆడబోనని ఆయన పక్కకు తప్పుకొన్నారు. ఉపనాయకుడు గాయపడి ఉన్నారు. కాగా జట్టును నడిపించే బాధ్యత నాయుడు గారిపై పడింది. రాజవంశంలో పుట్టని ఒక ఆటగాడు భారతదేశానికి తొలి టెస్టు నాయకుడైనది ఈ విధంగా.

ఈ నిర్ణయం అందరికీ రుచించలేదు. నాయుడు గారు క్రమశిక్షణ విషయంలో రాజీ ఎరుగని మనిషి. మితభాషి. చనువు తక్కువ. ఆయన కింద ఆడబోమని కొందరు ఆటగాళ్ళు టెస్టు జరుగవలసిన రోజు తెల్లవారకముందే మహారాణాను నిద్రలేపి మొరపెట్టుకొన్నారని చరిత్రకారులు చెబుతారు. మహారాణా చలించలేదు. స్వదేశంలోని క్రికెట్ పెద్దలకు వర్తమానం పంపి, నాయుడు గారి నాయకత్వంలో అందరూ ఆడితీరవలెనన్న ఆదేశాన్ని తెప్పించారు. తాను వదలుకొన్న పీఠాన్ని మరొకరికి నిలబెట్టడానికి ఆయన చూపిన ఈ పట్టుదల ఆ పర్యటనను రక్షించింది. ఆటలో సామాన్యుడైన ఆ మహారాణా జట్టుకు చేసిన మేలు పరుగుల పట్టికలో కనిపించదు.

అదే దినం, 1932 జూన్ 25వ తేదీన, లండన్ నగరంలోని లార్డ్స్ మైదానంలో నాయుడు గారు భారత జట్టును వెంట నడిపించుకొని రంగంలో ప్రవేశించారు. కొద్ది గంటల ముందు తనపై తిరుగుబాటు జరిగిన సంగతి ఆయనకు తెలియకపోలేదు. అయినప్పటికీ ఆ జట్టుతోనే ఆటకు దిగారు. మహమ్మద్ నిస్సార్ వేగానికి తోడు ఒక రనౌట్‌తో ఇంగ్లండు తొలి మూడు వికెట్లు 19 పరుగులకే పడిపోయినవి. ఆ ఇన్నింగ్స్‌లో నిస్సార్ 93 పరుగులిచ్చి 5 వికెట్లు తీశారు. బంతిని ఆపబోయి నాయుడు గారి చేతికి గాయమైనది. ఆ చేతితోనే బ్యాటింగు చేసి మొదటి ఇన్నింగ్స్‌లో జట్టులోకెల్ల ఎక్కువగా 40 పరుగులు సాధించారు. చివరకు భారత జట్టు 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. కాని మూడు దినాల ఆటలో ఆ జట్టు చెల్లాచెదరు కాలేదు. ఉదయం తిరుగుబాటు చేసినవారు కూడ మైదానంలో పరుగెత్తి బంతులు ఆపారు.

ఆ పర్యటనలో ప్రథమ శ్రేణి పోటీలలో నాయుడు గారు 1618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. 1933లో విజ్‌డెన్ వార్షిక గ్రంథం ఆయనను ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరుగా ఎంపిక చేసింది. భారత జట్టుకు ఆడి ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే. 1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చినప్పుడు మూడు టెస్టులలోను ఆయనే నాయకులు. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ అనే యువకుడు తన తొలి టెస్టులోనే 118 పరుగులు చేసినప్పుడు, మరొక కొసన నిలిచి 186 పరుగుల భాగస్వామ్యాన్ని అందించినవారు నాయుడు గారు. తన వాటా 67 పరుగులు మాత్రమే. సిక్సర్లకు పేరుపడిన మనిషి ఆ వేళ కుర్రవాని వెనుక నిలిచి ఆడటం గమనింపదగినది.

ప్రతిభ ఉండీ ఓడిన జట్టు

1936లో మళ్ళీ ఇంగ్లండు పర్యటన వచ్చింది. ఈసారి నాయకత్వం విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజు గారికి దక్కినది. క్రికెట్ లోకం ఆయనను విజ్జీ అని పిలిచింది. ఆయన ఆటకు చేసిన సేవను విస్మరించరాదు. 1930-31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి దిగ్గజాలను మన దేశానికి రప్పించి తన జట్టుతో కలిపి ఆడించినవారు ఆయన. తరువాతి కాలంలో క్రికెట్ మండలికి అధ్యక్షులుగాను పనిచేశారు. ఆటపై ఆయనకు గల ప్రీతి నిజమైనది. కాని ప్రీతి వేరు, నాయకత్వం వేరు.

ఈ జట్టు 1932 నాటి జట్టుకంటె బలమైనదని చెప్పవచ్చును. విజయ్ మర్చెంట్, ముస్తాక్ అలీ, లాలా అమర్‌నాథ్, అమర్‌సింగ్, నిస్సార్, వారందరికీ పెద్దగా నాయుడు గారు ఉన్నారు. లార్డ్స్‌లో జరిగిన తొలి టెస్టులో అమర్‌సింగ్ 35 పరుగులకే 6 వికెట్లు తీయగా, ఇంగ్లండు మొదటి ఇన్నింగ్స్ 134 పరుగులకే ముగిసింది. భారత్‌కు 13 పరుగుల ఆధిక్యం లభించింది. ప్రతిభ కొరవడిన జట్టు అయితే అంతవరకు రాగలిగేదా?

కాని ఆ జట్టు అప్పటికే లోలోపల చీలిపోయి ఉన్నది. పోర్‌బందర్ మహారాణా వలె తప్పుకొనే పెద్దమనసు విజ్జీ గారికి లేకపోయింది. మూడు టెస్టులలోను తానే నాయకుడుగా ఆడి ఆయన చేసిన పరుగులు మొత్తం 33. తన అనుచరులను ఒక వర్గంగా, తనను ప్రశ్నింపగల పెద్ద ఆటగాళ్ళను మరొక వర్గంగా చూచారు. పర్యటనలో బ్యాటుతోను, బంతితోను అద్భుతంగా రాణిస్తున్న అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ నెపంతో తొలి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపివేశారు. మాంచెస్టరు టెస్టులో మర్చెంట్‌ను రనౌట్ చేయవలసినదిగా ముస్తాక్ అలీకి నాయకుని నుంచి సూచన అందినదని ఆ ఆటగాళ్ళ జ్ఞాపకాల ద్వారా తరువాత లోకానికి తెలిసింది. ముస్తాక్ ఆ మాటను మర్చెంట్‌కే చెప్పివేశారు. ఇద్దరూ నవ్వుకొని 203 పరుగుల ప్రారంభ భాగస్వామ్యం నెలకొల్పారు. ముస్తాక్ 112, మర్చెంట్ 114. ఆ టెస్టు ఓటమి లేకుండా ముగిసినది. మిగిలిన రెండు టెస్టులలోను భారత జట్టు తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడిపోయింది.

ఆ పర్యటనపై విచారణ జరిపిన బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన గల సంఘం 1937లో తన నివేదిక ఇచ్చింది. విజ్జీ గారి నాయకత్వాన్ని తప్పుపట్టి, అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. అయితే చేజారిన టెస్టులను ఏ నివేదికా తిరిగి తీసుకొనిరాదు.

ఈ వృత్తాంతంలో నాయుడు గారు ఎక్కడ ఉన్నారు? మూడు టెస్టులలోను ఆడారు. నాలుగు టెస్టులలో నాయకుడుగా నిలిచిన మనిషి, తనకంటె ఎన్నో విధాల తక్కువవాడైన నాయకుని కింద ఆడవలసి వచ్చింది. అవమానాలు భరింపవలసి వచ్చింది. ఆయన పూర్తిగా నిర్లిప్తుడని, ఆయన వైపు వర్గమే లేదని చెప్పడం సత్యదూరమవుతుంది. ఆయన మౌనం కూడ జట్టులోని చీలికను పూడ్చలేకపోయింది. కాని మైదానంలో అడుగుపెట్టిన తరువాత ఆయన ఆట తగ్గలేదు. ఓవల్‌లో జరిగిన చివరి టెస్టులో అలెన్ విసరిన బంతి శరీరానికి తీవ్రంగా తగిలినా నిలద్రొక్కుకొని 81 పరుగులు చేశారు. అదే ఆయన అత్యధిక టెస్టు స్కోరు, అదే ఆయన చివరి టెస్టు. అప్పటికి ఆయనకు నలుబదియొక్క సంవత్సరాలు నిండవస్తున్నవి.

లెక్కల ప్రకారం చూస్తే ఆయన టెస్టు జీవితం చిన్నది. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. నాయకుడుగా 4 టెస్టులలో మూడు ఓటములు, ఒక డ్రా, ఒక్క విజయమైనా లేదు. పట్టికలు మాత్రమే చదివేవారు ఆయనను గొప్ప నాయకుడనరు. ఆయన నాయకత్వాన్ని కొలవాలంటే ఇందూరుకు వెళ్ళాలి.

ఇందూరు గురుకులం

హోల్కరు జట్టు 1941-42 నుంచి ఆ పేరుతో రంజీ ట్రోఫీ ఆడింది. బొంబాయి వలె మైదానానికో మేటి ఆటగాడు పుట్టే నగరం కాదు ఇందూరు. కొద్దిమంది ప్రసిద్ధులు, మిగిలినవారు సామాన్యులు. యశవంతరావు హోల్కరు మహారాజు ఆటగాళ్ళకు సంస్థానంలో ఉద్యోగాలిచ్చి జీవిక చూపారు. వారిని జట్టుగా తీర్చే పని నాయుడు గారిది. ముస్తాక్ అలీని బాలుడుగా ఉన్నప్పుడే గుర్తించి చేరదీసినవారు ఆయనే. చందూ సర్వటే, జగ్దాలే, హీరాలాల్ గైక్వాడ్, భాయా వంటివారు ఆయన చేతుల మీదుగా ఎదిగారు.

ఆయన పద్ధతి సైనిక పద్ధతి. వేకువనే వ్యాయామం. వేళ తప్పితే క్షమ లేదు. బ్యాటింగుకు ఎంత ప్రాధాన్యమో, ఫీల్డింగుకూ అంతే. బంతి తగిలినప్పుడు ఆ చోటును చేత్తో రుద్దుకొనడం కూడ ఆయనకు నచ్చేది కాదని, బాధను ఎదుటివానికి కనబడనీయరాదన్నది ఆయన నియమమని చెబుతారు. ఇటువంటి నియమాలను ఇతరులపై విధించడం సులభం. ఆయన వాటిని మొదట తనపై విధించుకొన్నారు. యాభయ్యేండ్లు పైబడిన వయస్సులో బొంబాయి జట్టుతో ఆడుతుండగా దత్తూ ఫడ్కర్ విసరిన బంతి ఎగిరి నోటికి తగిలి రెండు పళ్ళు ఊడిపోయినవి. ఆ పళ్ళను పిచ్ మీదనుంచి పక్కకు తోసివేసి, వైద్యసహాయాన్ని నిరాకరించి, వేగం తగ్గింపవద్దని ఫడ్కర్‌ను కోరి ఆయన ఆట కొనసాగించారు. అవతలి కొసన నిలబడిన కుర్రవాడికి ఆ దృశ్యం చెప్పే పాఠం ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

తనవారని మినహాయింపులూ లేవు. 1944-45 రంజీ ఫైనల్‌లో హోల్కరు జట్టు బొంబాయిని ఎదుర్కొన్నది. నాయుడు గారి సోదరుడు సి.ఎస్. నాయుడు ఆ ఒక్క పోటీలో 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు వేశారు. ఒక ప్రథమ శ్రేణి పోటీలో అన్ని బంతులు వేసినవారు మరొకరు లేరు. 11 వికెట్లు తీసి 428 పరుగులిచ్చారు. అన్నగారు తమ్మునికి విశ్రాంతి ఇవ్వలేదు, తమ్ముడు అడుగలేదు. గెలుపునకు 867 పరుగులు కావలసి ఉండగా హోల్కరు జట్టు చేతులెత్తివేయక 492 పరుగుల వరకు పోరాడింది. యుద్ధకాలంలో మన దేశంలో ఉండి ఆ ఏడు హోల్కరు పక్షాన ఆడిన ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ అందులో 249 పరుగులతో అజేయంగా నిలిచారు. ఓటమి 374 పరుగుల తేడాతో. అంతటి ఓటమి మరొక జట్టునైతే క్రుంగదీసి ఉండేది.

మరుసటి సంవత్సరం, 1945-46లో, అదే జట్టు మైసూరుపై 8 వికెట్లకు 912 పరుగులు చేసింది. ఆ ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు సాధించారు. వారిలో 101 పరుగులు చేసిన నాయకుడు ఒకరు మాత్రమే. బరోడాతో జరిగిన ఫైనల్‌లో నాయుడు గారు యాభయ్యేండ్ల వయస్సులో 200 పరుగులు చేశారు. హోల్కరు జట్టు తొలిసారిగా రంజీ ట్రోఫీ గెలిచింది. తిరిగి 1947-48లోను, 1950-51లోను, 1952-53లోను గెలిచింది. 1944-45 మొదలు 1952-53 వరకు తొమ్మిదేండ్లలో ఎనిమిదిసార్లు ఆ జట్టు ఫైనల్ చేరింది. చివరి విజయంనాటికి నాయకుని వయస్సు యాభైయేడు.

ఒక వేసవిలో మెరిసిన జట్లు ఎన్నో ఉన్నవి. తొమ్మిదేండ్ల పాటు ఒక చిన్న సంస్థానపు జట్టు దేశంలోని మహానగరాలతో సమానంగా నిలబడటానికి ఒకరిద్దరి ప్రతిభ చాలదు. ప్రతిభగలవాడు సెలవు తీసుకొన్న రోజున, గాయపడిన రోజున, సున్నకు వెనుదిరిగిన రోజున మిగిలిన పదిమంది ఏమి చేస్తారన్నది జట్టుకు అసలు పరీక్ష. 1936 నాటి భారత జట్టు ఆ పరీక్షలో విఫలమైనది. ఇందూరు జట్టు ఏళ్ళ తరబడి నెగ్గుతూ వచ్చింది.

సాయంకాలం

ఇందూరు తరువాత కూడ ఆయన ఆట మానలేదు. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి అడుగుపెట్టినప్పుడు నాయుడు గారు ఆ జట్టుకు నాయకత్వం వహించారు. నాగపూరులో పుట్టి, ఇందూరులో స్థిరపడిన ఆ తెలుగుబిడ్డ, పెద్ద జట్ల ఎదుట ఇంకా తడబడుతున్న స్వజనుల జట్టుకు పెద్దదిక్కుగా నిలవడానికి వెనుదీయలేదు. విజయాలకు అలవాటుపడిన మనిషి కొత్త జట్టు ఓటములలో పాలుపంచుకొనడానికి సిద్ధపడటం సామాన్య విషయం కాదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరపున ఆడుతూ, అరువదియొక్క సంవత్సరాల వయస్సులో రాజస్థాన్‌పై 84 పరుగులు చేశారు.

1956లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ పురస్కారం ప్రదానం చేసింది. జాతీయ ఎంపిక సంఘానికి అధ్యక్షులుగాను ఆయన సేవలందించారు. ఆయన కుమార్తె చంద్రా నాయుడు గారు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతలలో ఒకరుగా పేరు పొంది, తండ్రిగారి జీవితచరిత్రను రచించారు. 1967 నవంబరు 14వ తేదీన నాయుడు గారు ఇందూరులో కన్నుమూశారు. యువ ఆటగాళ్ళకై దేశంలో జరుగుతున్న పోటీకి ఆయన పేరు పెట్టడం, 1994లో క్రికెట్ మండలి జీవితకాల సాఫల్య పురస్కారాన్ని ఆయన పేర నెలకొల్పడం సముచితమైన నివాళులు.

మనకు మిగిలిన పాఠం

నాయుడు గారిని దోషరహితునిగా చిత్రించడం ఆయనకు మర్యాద కాదు. ఆయన కాఠిన్యం కొందరిని దూరం చేసింది. లార్డ్స్ ఉదయాన జరిగిన తిరుగుబాటులో అసూయ ఎంత ఉన్నదో, ఆయన ముభావానికి నొచ్చుకొన్న మనస్సులూ అంత ఉండి ఉండవచ్చును. నాలుగు మంచి మాటలతో అతికిపోయే పగుళ్ళు కొన్ని ఆయన మౌనం వల్ల పెద్దవై ఉండవచ్చును. నాయకుడు తన్ను తాను శిక్షించుకొన్నంత తేలికగా ఇతరులను శిక్షింపరాదన్నది కూడ ఆయన జీవితం నుంచే మనం నేర్చుకోవలసిన విషయం. అయినా ఆయన కింద ఆడినవారు ఆయనకు జంకుతూనే ఆయనను నమ్మారు. ఆయన అడిగినదేదీ తాను చేయనిది కాదు గనుకనే ఆ నమ్మకం.

ఈ కథలో ముగ్గురు నాయకులు కనిపిస్తారు. ఆట రాకపోయినా తన హద్దు తెలిసి తప్పుకొన్న పోర్‌బందర్ మహారాణా ఒకరు. హద్దు తెలియక పీఠాన్ని పట్టుకొని, చేతిలో ఉన్న ప్రతిభను చెదరగొట్టుకొన్న విజ్జీ మరొకరు. అపార ప్రతిభ ఉండీ, దానిని తన గొప్పకు కాక జట్టు కట్టడానికి పెట్టుబడిగా పెట్టిన నాయుడు గారు మూడవవారు. మొదటివారికీ మూడవవారికీ ప్రతిభలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. శీలంలో మాత్రం ఇద్దరూ ఇరుగుపొరుగులే. మొదటివారికీ రెండవవారికీ ఆటలో పెద్ద భేదం లేదు. కాని ఒకరు జట్టును నిలబెట్టారు, మరొకరు విరగగొట్టారు. ప్రతిభకంటె శీలం మిన్న అన్న మాటకు ఇంతకంటె తేటయైన ఉదాహరణ వెదకి తేలేము.

ఇక మన ఆటస్థలానికి తిరిగి వద్దాం. రేపు ఉపాధ్యాయులు నాయకుని ఎంపిక చేసేటప్పుడు పరుగుల పట్టికతో పాటు మరికొన్ని సంగతులు గమనింతురు గాక. ఓడిన సాయంకాలం వికెట్లు, వల ఎవరు మోసుకొని వచ్చారు? క్యాచ్ జారవిడిచిన పిల్లవాని భుజంపై ఎవరు చెయ్యి వేశారు? తాను ఆడని పోటీకి కూడ వేళకు ఎవరు వచ్చారు? అవతలివాడు శతకం చేస్తుండగా రెండవ కొసన ఓపికగా ఎవరు నిలిచారు? ఈ ప్రశ్నలకు సమాధానంగా తోచే పేరు కొన్నిసార్లు జట్టులోని మేటి ఆటగానిదే కావచ్చును. అది ఆ జట్టు అదృష్టం. కానప్పుడు కూడ ఆ పేరునే ఎంచుకొనే సాహసం ఉపాధ్యాయులకు ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ బిడ్డ నాయకుడు కాలేదని చిన్నబుచ్చుకొనకండి. నాయుడు గారు తమ చివరి టెస్టు మరొకరి నాయకత్వంలోనే ఆడారు. దెబ్బ తిని కూడ 81 పరుగులు చేశారు. పదవి పోయినప్పుడు ఆట తగ్గనీయకపోవడం కూడ నాయకత్వమే. బిడ్డ ఇంటికి రాగానే ఎన్ని పరుగులు చేశావని అడగడం సహజం. ఆ తరువాత, ఈ రోజు ఎవరికి తోడుగా నిలిచావని కూడ అడిగితే వాడు ఆటను చూచే తీరు మారుతుంది.

పూర్వ విద్యార్థులలో అనేకులు ఈనాడు కార్యాలయాలలో, వ్యాపారాలలో, ఇతర సంస్థలలో తమ తమ జట్లను నడుపుతున్నారు. తమకంటె తెలివైనవారిని కింద పెట్టుకొని పని చేయించవలసిన స్థితి వారిలో ఎందరికో ఉంటుంది. పోర్‌బందర్ మహారాణా చూపిన త్రోవ, విజ్జీ తొక్కిన త్రోవ అక్కడ కూడ ఎదురవుతూనే ఉంటవి. ఏది ఎటు చేరుస్తుందో 1932, 1936 సంవత్సరాలు మనకు చెప్పి ఉంచినవి.

నాగపూరు మైదానంలో ఒక తెలుగు బాలుడు బ్యాటు పట్టి నూరేండ్లు ఎన్నడో దాటినవి. ఆయన కొట్టిన సిక్సర్లను కన్నులారా చూచినవారు ఈనాడు మన మధ్య దాదాపుగా లేరు. కాని వేకువనే లేచి, వేళకు మైదానానికి చేరి, తనకంటె చిన్నవాడికి బంతి వేసి ఆట నేర్పే పిల్లవాడు మన పాఠశాలలో ఒక్కడున్నా ఆ మహనీయుని వారసత్వం కొనసాగుతున్నట్లే. అటువంటి పిల్లలను గుర్తించి, వెన్నుతట్టి, ముందు నిలిపే పాఠశాలగా మన సంస్థ శతజయంతి వైపు సాగుగాక అని ఆకాంక్షిద్దాం.